టర్బోనా, బ్లోయరా? ముందు లోడు సంగతి చెప్పండి

పెద్ద ఇంజనుకి టర్బో పెట్టాలా, సూపర్‌ఛార్జర్ పెట్టాలా అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ఆ ఇంజను రోజులో ఎంతసేపు ఫుల్ లోడు మీద పనిచేస్తుంది, ఎంతసేపు ఊరికే ఐడిల్‌లో తిరుగుతుంది అని అడుగుతాను. ఎన్ని హార్స్‌పవర్లు కావాలన్నది ఆ తర్వాతి మాట. గుత్తి రైల్వే డీజిల్ షెడ్ (రైలింజన్లు బాగుచేసే చోటు) టర్బో సెక్షన్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషిని నేను. ఈ రెండింటి మధ్య ఎంపిక కాగితం మీద లెక్కలా కాకుండా, పాడై షెడ్డుకి తిరిగొచ్చిన పార్టుల రూపంలో నా చేతుల్లోకి వచ్చేది. అందుకే ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి.

ముందు మూలం చెప్పుకుందాం. సిలిండర్‌లోకి డీజిల్ ఎంతైనా కొట్టొచ్చు, దానికేం కష్టం లేదు. ఆ డీజిల్ కాలడానికి సరిపడా గాలి పంపడమే కష్టం. గాలిని నొక్కి పంపితే అదే సైజు ఇంజను ఎక్కువ డీజిల్‌ని శుభ్రంగా కాల్చగలదు. నొక్కే పంపుని ఇంజను ప్రధాన ఇరుసుతో, అంటే క్రాంక్‌షాఫ్ట్‌తో తిప్పితే సూపర్‌ఛార్జర్, మా భాషలో బ్లోయర్. బయటికి పోయే ఎగ్జాస్ట్ వేడితో తిప్పితే టర్బో. బ్లోయర్ తిరగడానికి ఇంజను తన బలంలోంచే కొంత ఖర్చుపెడుతుంది. టర్బో ఎలాగూ చిమ్నీలోంచి పోయే శక్తిలో కొంత వెనక్కి రాబడుతుంది. ఇంతవరకే వింటే టర్బోకే ఓటేస్తారు, చాలామంది ఇక్కడే ఆగిపోతారు కూడా. కాని ఎగ్జాస్ట్ వేడి రావాలంటే ముందు ఇంజను కష్టపడాలి, కష్టపడాలంటే ముందు గాలి కావాలి. లోడు ఒక్కసారిగా మీద పడినప్పుడు టర్బోకి వేగం అందుకోవడానికి కొంత టైమ్ పడుతుంది. ఆ కాసేపు ఇంజను ఆకలితో ఉంటుంది. బ్లోయర్‌కి ఆ ఇబ్బంది లేదు. క్రాంక్‌షాఫ్ట్ ఎంత తిరిగితే అదీ ఆ లెక్కలోనే గాలి తోస్తుంది.

మా షెడ్డులో ముందున్నవన్నీ అమెరికా ఆల్కో కంపెనీ రకం ఇంజన్లు. గూడ్స్ లాగే డబ్ల్యూడీజీ-3ఏ లోకో అంటే 16 సిలిండర్లు, నాలుగు స్ట్రోకులు, 3100 హార్స్‌పవర్. ఒక్కో సిలిండర్ దాదాపు 11 లీటర్లు. అంటే మొత్తం 175 లీటర్ల పైచిలుకు ఇంజను. దాని మీద ఒక్క టర్బో, దానికి గేర్లతో ఏ సంబంధమూ లేదు, కేవలం ఎగ్జాస్ట్ మీదే బతుకు. మామూలు మైదానంలో గూడ్స్ లాగేటప్పుడు ఎనిమిదో నాచ్‌లో (నాచ్ అంటే థ్రాటిల్ మెట్టు, ఎనిమిదోది అన్నిటికన్నా పైది) టర్బో తోసే గాలి ఒత్తిడి చూపే బూస్టర్ గేజీ చదరపు సెంటీమీటరుకి ఒకటిన్నర కిలోల దరిదాపుల్లో నిలబడితే చిమ్నీ దాదాపు శుభ్రంగా ఉండేది. అసలు పరీక్ష గాజులపల్లి దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు. కరెంటు తీగలు రాకముందు ఆ లైన్లో చెలమ మీదుగా దిగువమెట్ట వైపు లోడు బండి పోతుంటే అడవి మీద నల్లటి పొగ లేచేది. ఆగిన బండిని కదిలించడానికి లోకో పైలట్ నాచ్ మీద నాచ్ తీస్తాడు, ఇంజను వేగాన్ని చూసుకునే గవర్నర్ పరికరం డీజిల్ పెంచుతుంది, టర్బో మాత్రం ఇంకా వేగం అందుకోలేదు. కాలని డీజిలంతా నల్లటి పొగై పోతుంది. ఆల్కోల పొగ గురించి ఫొటోలు తీసుకునే రైల్వే అభిమానులు ఎంతో ముచ్చటపడతారు. నాకు మాత్రం ఆ పొగ చూస్తే అందులో పోతున్న డీజిల్, కార్బన్ పేరుకుంటున్న టర్బైన్ బ్లేడ్లే కళ్ల ముందు కనిపించేవి. నాచ్‌కీ నాచ్‌కీ మధ్య కొంచెం ఆగండి, గేజీ లేచేదాకా చూడండి అని రన్నింగ్ స్టాఫ్‌కి చెబుతూనే ఉండేవాళ్లం. రైట్ టైమ్ టెన్షన్‌లో ఉన్న మనిషికి అది పాటించడం అంత తేలిక కాదని కూడా మాకు తెలుసు.

టర్బో ఆరోగ్యం తెలుసుకోవడానికి షెడ్డులో మేం చేసే పరీక్ష ఒకటుంది, రన్‌డౌన్ టెస్ట్. ఇంజను ఐడిల్‌లో పెట్టి ఆపేస్తాం. క్రాంక్‌షాఫ్ట్ ఆగిపోయినా టర్బో రోటర్ తన ఊపు మీద తిరుగుతూనే ఉంటుంది. చేతిలో వాచీ పట్టుకుని, కేసింగ్‌కి ఓ ఇనుప రాడ్డు ఆనించి, రెండో కొసకి చెవి పెట్టి వింటాం. ఆల్కో టర్బో ఒకటిన్నర నిమిషం నుంచి మూడు నిమిషాల లోపు ఆగాలి. ఒకటిన్నర నిమిషం కన్నా ముందే ఆగిందంటే బేరింగులు పట్టేస్తున్నాయనో, రోటర్ ఎక్కడో రాసుకుంటోందనో అర్థం. మూడు నిమిషాలు దాటినా సంతోషించడానికి లేదు, లోపల క్లియరెన్సులు పెరిగాయేమో చూడాలి. చివర్లో ఆ సన్నటి ఈల తగ్గుతూ తగ్గుతూ మెత్తగా ఆగితే మంచిది. టక్కున ఆగితే దింపాల్సిందే. ఎన్ని గేజీలు, కంప్యూటర్లు వచ్చినా, నేను నేర్పిన ప్రతి కుర్ర ఫిట్టర్‌కీ ముందు ఈ చెవిపనే నేర్పాను.

తర్వాత మా షెడ్డుకి డబ్ల్యూడీజీ-4లు వచ్చాయి. అమెరికా జనరల్ మోటార్స్ వారి లోకో విభాగం ఈఎండీ డిజైన్. మన దేశంలోకి మొదట 1999లో దిగుమతయ్యాయి, ఆ తర్వాత వారణాసిలో తయారవడం మొదలైంది. 16 సిలిండర్ల 710 మోడల్ ఇంజను, మొత్తం 186 లీటర్ల దాకా ఉంటుంది. 4000 హార్స్‌పవర్, తర్వాతి వాటిల్లో 4500. అన్నిటికన్నా ముఖ్యం, ఇది రెండు స్ట్రోకుల ఇంజను. ఇక్కడే మన ప్రశ్న చాలా ఆసక్తిగా మారుతుంది.

నాలుగు స్ట్రోకుల ఇంజను తన గాలి తానే పీల్చుకోగలదు. పిస్టన్ కిందికి దిగే ఒక స్ట్రోకు దానికే కేటాయింపు. టర్బో సరిగ్గా పనిచేయకపోయినా అది పొగ కక్కుతూ, బలహీనంగా అయినా తిరుగుతుంది. ఈఎండీ రెండు స్ట్రోకుల ఇంజనులో పీల్చే స్ట్రోకే లేదు. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) కింది భాగంలో చుట్టూ కన్నాలుంటాయి, పైన హెడ్‌లో నాలుగు ఎగ్జాస్ట్ వాల్వులు. పిస్టన్ కిందికొచ్చి కన్నాలు తెరుచుకున్న ఆ క్షణంలో బయటినుంచి ఎవరో గాలి తోసి, పాత పొగని పైకి వెళ్లగొట్టి, సిలిండర్ నింపాలి. తోసేవాడు లేకపోతే ఇంజను స్టార్టే కాదు. అందువల్ల 1930ల చివర్లో వచ్చిన 567 సిరీస్ నుంచీ వీటికి రూట్స్ బ్లోయర్లు తప్పనిసరి. రూట్స్ అంటే అమెరికాలో ఇండియానా రాష్ట్రానికి చెందిన అన్నదమ్ముల ఇంటిపేరు. 1860లోనే వాళ్లు ఈ గాలి పంపుకి పేటెంట్ తీసుకున్నారు, అప్పటికి డీజిల్ ఇంజను అన్నదే పుట్టలేదు. మూడేసి రెక్కలతో మెలితిరిగిన రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా, ఒకదాని సందులో ఇంకొకటి తిరుగుతూ గాలిని ముందుకు తోస్తాయి.

బ్లోయరా టర్బోనా అన్న ప్రశ్నకి ఈఎండీ వాళ్లంత స్పష్టంగా రెండు జవాబులూ పక్కపక్కన పెట్టి చూపించినవాళ్లు లేరని నా అభిప్రాయం. 1960ల నడుమ వచ్చిన 645 ఇంజను చూడండి. అదే 16 సిలిండర్లు, అదే బోరు, అదే స్ట్రోకు. రెండు రూట్స్ బ్లోయర్లు బిగిస్తే జీపీ38 లోకో, 2000 హార్స్‌పవర్. టర్బో పెడితే జీపీ40, 3000 హార్స్‌పవర్. ఒకే ఇంజను మీద సగానికి సగం ఎక్కువ! ఆ లెక్కన జీపీ38 ఎవరూ కొనకూడదు. కాని దాని తర్వాతి రూపం జీపీ38-2 ఒక్కటే రెండు వేలకు పైగా అమ్ముడుపోయింది. యార్డుల్లో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటింగ్‌కి, చిన్న చిన్న బ్రాంచి లైన్లలో తిరగడానికి రైల్వేలు కావాలని దాన్నే కొన్నాయి. ఇంకో విశేషం, తర్వాతి రోజుల్లో కొన్ని అమెరికా రైల్వేలు పాతబడిన టర్బో లోకోల్లో టర్బో తీసేసి, బ్లోయర్లు బిగించి, 2000కి దించి మరీ వాడుకున్నాయి. వెయ్యి హార్స్‌పవర్లు ఊరికే ఎవరూ వదులుకోరు. రెండో నాచ్, ఐడిల్, మూడో నాచ్, మళ్లీ ఐడిల్, ఇలా రోజంతా నలిగే లోకోకి ఆ వెయ్యి అవసరమే పడదు. టర్బో ఓవర్‌హాల్ ఖర్చు మాత్రం పడుతుంది.

మా డబ్ల్యూడీజీ-4 టర్బోకి వస్తాను. ఇది నాకు ప్రాణం. ఈఎండీ వాళ్లు 1958లో ఎస్‌డీ24 లోకోతో ఈ ఏర్పాటు మార్కెట్లోకి తెచ్చారు. టర్బోని ఇంజను గేర్లకి కూడా కలిపారు, మధ్యలో ఓవర్‌రన్నింగ్ క్లచ్ పెట్టారు. స్టార్ట్ చేసినప్పుడు, కింది నాచ్‌లలో, టర్బోని క్రాంక్‌షాఫ్టే తిప్పుతుంది, దాదాపు 18 రెట్ల వేగంతో. ఐడిల్‌లో ఇంజను నిమిషానికి 269 చుట్లు తిరుగుతుంటే టర్బో 4,800 దాకా తిరుగుతుంది. అంటే అప్పుడది అచ్చంగా సూపర్‌ఛార్జరే. లోడు పెరిగి, దాదాపు ఆరో నాచ్ దాటి, ఎగ్జాస్ట్ వేడి 540 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లోకి వచ్చేసరికి టర్బైన్ గేర్లని మించిన వేగం అందుకుంటుంది. క్లచ్ దానంతటదే వదిలేస్తుంది. అక్కణ్ణుంచి అది పూర్తి టర్బో, ఇంజను బలంలోంచి పైసా తీసుకోదు. లోడు తగ్గగానే మళ్లీ గేర్లు పట్టుకుంటాయి.

క్లచ్ విప్పి బెంచి మీద పెట్టినప్పుడు చూస్తే చేతిలో ఇమిడే రోలర్లు, వాలుగా చెక్కిన గాడులు. ఒక వైపు తిప్పితే రోలర్లు బిగుసుకుంటాయి, రెండో వైపు తిప్పితే జారతాయి. ఎలక్ట్రిక్ సంకేతం లేదు, సెన్సర్ లేదు, నాలుగు వేల హార్స్‌పవర్ల ఇంజనుకి గాలి ఎవరు ఇవ్వాలో ఆ గాడుల వాలే తేల్చేస్తుంది. ఆ రోలర్ల మీద అరుగు ఎక్కడ పడిందో చూసి, ఆ లోకో ఎలాంటి డ్యూటీ చేసి వచ్చిందో చాలాసార్లు పోల్చేవాణ్ణి. ఎప్పుడూ ఎనిమిదో నాచ్‌లో పోయే లోకోలో క్లచ్ హాయిగా ఉంటుంది. యార్డులో షంటింగ్‌కి వేసి, ఆరో నాచ్ అంచుల్లో పట్టుకుంటూ వదులుకుంటూ తిప్పిన దాంట్లో మెరుపు తగ్గిన మచ్చలుండేవి. పైగా కింది నాచ్‌లలో ఈ టర్బో తిరిగినంతసేపూ అది బలం తినే పంపే, ఆ పనికి మామూలు రూట్స్ బ్లోయరే నయం. అందుకే మంచి మెయిన్‌లైన్ లోకోని యార్డు పనికి పంపినప్పుడల్లా నా మనసు ఒప్పుకునేది కాదు.

ఇంకో తేడా కూడా చెప్పాలి, ఎందుకంటే కార్లకీ ఇదే వర్తిస్తుంది. ఆల్కోలో టర్బో బేరింగులకి ఆయిల్ ఇంజను పంపు నుంచే వస్తుంది. ఇంజను ఆగితే ఆయిల్ ఆగుతుంది, రోటర్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది, వేడి ఇంకా ఉంటుంది. ఘాట్ ఎక్కి వచ్చిన లోకోని కాసేపు ఐడిల్‌లో ఉంచకుండా ఆపేస్తే బేరింగు మీద ఆయిల్ కాలి బొగ్గవుతుంది. ఈఎండీలో దీనికి వేరే పంపు పెట్టారు. ఇంజను ఆపేశాక అరగంట పైన అది బ్యాటరీ మీద నడుస్తూ టర్బోకి ఆయిల్ అందిస్తూనే ఉంటుంది. బ్లోయర్‌కి ఈ గొడవే లేదు, దాని మీదికి ఎగ్జాస్ట్ వేడి రాదు.

1962లో మన రైల్వే ముందుకి ఈ ఎంపికే వచ్చింది. ఆల్కో నుంచి డబ్ల్యూడీఎం-2లు, జనరల్ మోటార్స్ నుంచి డబ్ల్యూడీఎం-4లు, రెండూ 2600 హార్స్‌పవర్లు, రెండూ 16 సిలిండర్లు. ఒకదానికి గేర్లతో పనిలేని టర్బో, రెండోదానికి క్లచ్ టర్బో. డబ్ల్యూడీఎం-4లు 72 దగ్గర ఆగాయి, డబ్ల్యూడీఎం-2లు వారణాసిలో తయారై రెండు వేలు దాటాయి. తయారీ పరిజ్ఞానం ఇవ్వడానికి ఆల్కో ఒప్పుకోవడం అందులో పెద్ద కారణం. ఆల్కో టర్బోని మనవాళ్లు విప్పగలరు, బిగించగలరు, పాత రకం పోయి నేపియర్, ఏబీబీ, హిస్పానో సూయిజా రకాలు వచ్చినా అదే ఇంజను మీద బిగించగలిగారు. ఆ సౌకర్యం చిన్నది కాదు. మీ ఊళ్లో ఎవరు బాగుచేయగలరు అన్నది కూడా ఎంపికలో సగం.

ఓడల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను, నాకు తెలిసింది విశాఖలో ఉండే మెరైన్ ఇంజనీరు స్నేహితుడి ద్వారానే. వాటి రెండు స్ట్రోకుల మహా ఇంజన్లకి టర్బోలే, కాని తక్కువ లోడులో కరెంటుతో తిరిగే సహాయక బ్లోయర్లు ఆన్ అవుతాయి. లోడు పెరిగాక అవి ఆగిపోతాయి. క్లచ్ బదులు మోటారు పెట్టారు, ఆలోచన ఒకటే. రోజుల తరబడి ఒకే లోడు మీద సముద్రం దాటే ఇంజనుకి టర్బోని మించింది లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, డల్లాస్‌లో ఉండే మా అక్క కొడుకు ఈ మధ్య వీడియో కాల్ చేసి, “మామా, నా పికప్‌కి టర్బో కిట్ వేయించాలా, సూపర్‌ఛార్జరా?” అని అడిగాడు. 6.2 లీటర్ల వి8 పెట్రోలు ఇంజను. నేను పనిచేసిన లోకోలో ఒక్క సిలిండర్ దాదాపు దీనికి రెట్టింపు. వాడి లెక్కలో అది పెద్ద ఇంజను, కార్ల లోకంలో నిజంగానే పెద్దది.

వాడు అప్పటికే టర్బో వైపు మొగ్గాడు. వేసవిలో ట్రైలర్ కట్టుకుని న్యూ మెక్సికో మీదుగా కొలరాడో పోతారట, దారిలో రాటన్ కనుమ ఎక్కాలి. దాదాపు 2,390 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సముద్రమట్టంతో పోలిస్తే ఐదో వంతు పలచన. టర్బోకి అక్కడ లాభమున్న మాట నిజం, పలచటి గాలిలో అది ఇంకాస్త వేగంగా తిరిగి లోటు చాలావరకు పూడుస్తుంది. బెల్టుతో తిరిగే బ్లోయర్ వేగం క్రాంక్‌షాఫ్ట్‌కి కట్టుబడి ఉంటుంది, గాలి తగ్గితే అదీ తగ్గుతుంది. అంతవరకూ వాడి ఆలోచన సరే. “ఏడాదిలో ఎన్నిసార్లు కడతావు అల్లుడూ ట్రైలర్?” అన్నాను. సెలవుల్లో ఓ వారం అన్నాడు. మిగతా రోజులన్నీ ఆఫీసుకి, పిల్లల స్కూలుకి, సిగ్నల్ దగ్గర ఆగి కదిలే ప్రయాణం. అంటే యార్డు డ్యూటీ.

బ్లోయరే వేయించుకోమన్నాను. ఫుల్ థ్రాటిల్‌లో అది బలం తింటుంది, కాదనను. డాడ్జ్ వాళ్ల హెల్‌క్యాట్ 6.2 లీటర్ల ఇంజనులో బ్లోయర్ గట్టిగా తిరిగినప్పుడు 80 హార్స్‌పవర్ల దాకా అదే మింగుతుంది. కాని ఇప్పటి బ్లోయర్లకి బైపాస్ వాల్వు ఉంటుంది. మామూలుగా నడిపేటప్పుడు గాలి నొక్కకుండా తనలో తానే తిరగనిస్తుంది, ఖర్చు కొంచెమే. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు కదిలించక్కర్లేదు, బానెట్ కింద ఎర్రగా కాలే ఇనుము ఉండదు, ఆయిల్ పైపులు కొత్తగా లాగే పని చాలా వాటికి ఉండదు. రోజూ కనుమలు ఎక్కుతూ లోడు లాగే మనిషైతే ఇదే నోటితో టర్బో వేయించుకోమనేవాణ్ణి, అదీ వి8లో ఒక్కో సిలిండర్ల వరసకి ఒక్కో చిన్న టర్బో. పెద్ద ఇంజనుకి కింది వేగాల్లో సొంత బలం ఎలాగూ ఉంటుంది, టర్బో అందుకునేదాకా అది బండిని లాక్కుపోగలదు. టర్బో ఆలస్యం (లాగ్) భయం చిన్న ఇంజన్లకే ఎక్కువ.

వాడు మర్చిపోయిన అసలు సంగతి వేరే ఉంది. వాడిది పెట్రోలు ఇంజను, కంప్రెషన్ 11, అంటే సిలిండర్‌లో గాలిని పదకొండో వంతుకి నొక్కుతుంది. మా ఆల్కోది పన్నెండున్నర, అయినా మాకు నాకింగ్ భయం లేదు, ఎందుకంటే డీజిల్ ఇంజను నొక్కేది వట్టి గాలినే. పెట్రోలు ఇంజను పెట్రోలు కలిసిన గాలిని నొక్కుతుంది. ఎవరు తిప్పినా సరే, గాలి నొక్కితే వేడెక్కుతుంది, ఆ వేడికి మిశ్రమం ముందుగానే అంటుకుంటే పిస్టన్లు చిల్లులు పడతాయి. కాబట్టి ఏది వేసినా బూస్టు తక్కువలో ఉండాలి, నీటితో చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉండాలి, ఎక్కువ ఆక్టేన్ పెట్రోలే పోయాలి. మా లోకోల్లోనూ నొక్కిన గాలిని చల్లబరిచే ఆఫ్టర్‌కూలర్ మురికి పట్టి గాలి వేడిగా పోతుంటే టర్బోని తిట్టేవాళ్లు అందరూ.

రాటన్ దగ్గర ఏం చేయాలి అన్నాడు. ఒక గేరు తగ్గించి, వేగం కొంచెం తక్కువ చేసుకుని, ఇంజనుని తిరగనిచ్చి ఎక్కమన్నాను. వారం రోజుల ప్రయాణం కోసం ఏడాదంతా ఇంజను గదిలో ఆ వేడి మోయక్కర్లేదు. చిన్న పుల్లీ వేస్తే బ్లోయర్ ఇంకా జోరుగా తిరుగుతుందని షాపువాడు ఊరిస్తాడు, వద్దను, కిట్‌తో వచ్చిన పుల్లీతోనే మొదటి ఏడాది నడుపు అని చెప్పాను. బూస్టు గేజీ, ఇన్‌టేక్ గాలి వేడి చూపే గేజీ, రెండూ కిట్‌తోపాటే పెట్టించుకోమన్నాను. బిగించాక ఓ ఎండ రోజున ట్రైలర్ కట్టి, ఏసీ వేసి, హైవే మీద నడిపి, ఆ రెండు గేజీల ఫొటోలు పంపితే అప్పుడు పుల్లీ సంగతి మాట్లాడతాం.